తీసేయడమే సులువంటే ఎలా?

రాయి తీయడానికి లోపలికి ట్యూబు పంపినప్పుడు మూత్రనాళం తెగిపోవడం అరుదే గానీ, జరగనిది కాదు. అప్పుడు మంచం చుట్టూ చేరిన చుట్టాల్లో ఎవరో ఒకరు అనే మాట ఒకటుంది: "రెండో కిడ్నీ బాగానే ఉందిగా, దీన్ని తీయించేసుకుంటే పోలా?" కంగారులో అన్న మాట, సరిపెట్టుకోవచ్చు. కానీ రోగి సొంత కిడ్నీనే ఊడదీసి మరోచోట అమర్చే ఆటోట్రాన్స్‌ప్లాంటేషన్ గురించి వార్త వచ్చిన ప్రతిసారీ బాగా చదువుకున్నవాళ్లూ ఇదే పాట ఎత్తుకుంటున్నారు. అంతా ఆస్పత్రుల ఆర్భాటమట. ఒక్క కిడ్నీతో ఎంతమంది హాయిగా బతకడం లేదట.

బతుకుతున్నారు. వాళ్లలో ఎక్కువగా ఉదాహరణకొచ్చేది కిడ్నీ దాతలు. దాత అంటే జల్లెడ పట్టి ఎంచిన మనిషి. బీపీ, షుగరు, రాళ్లు, మూత్రంలో ప్రొటీను అన్నీ చూసి, మిగలబోయే కిడ్నీ నిక్షేపంగా ఉందని తేలాకే ఆపరేషన్ బల్ల ఎక్కిస్తారు. ఆ మిగిలిన కిడ్నీ ఎంత పుంజుకున్నా వడపోత మునుపటిలో సుమారు 60-70 శాతం దగ్గర నిలుస్తుంది. దాతకు అది చాలు. మూత్రనాళం తెగిన మనిషినో? అతన్నెవరూ జల్లెడ పట్టలేదు. అసలు ఆస్పత్రికి వచ్చిందే రాళ్లు కట్టే ఒళ్లు కాబట్టి. ఒకవైపు కిడ్నీ తీసేశాక రెండోవైపు నాళంలో రాయి అడ్డం పడితే మూత్రమే ఆగిపోతుంది. ఇక పుట్టుకతోనే ఒంటి కిడ్నీ ఉన్నవాళ్లకు "రెండోది ఉందిగా" అని ఎవరు చెబుతారో నాకు తెలియదు.

పైపు పగిలిందని బోరు పూడ్చుకునే రైతును నేనెక్కడా చూడలేదు. మూత్రనాళం పొడవు 25-30 సెంటీమీటర్లు. అడుగుభాగం దెబ్బతింటే మూత్రాశయాన్నే పైకి లాగి కుట్టొచ్చు, లేదా దాని గోడను కొంత చీల్చి గొట్టంలా చుట్టి అందించొచ్చు. నాళం చాలా మేరకు పోతే అంత ఎత్తుకు ఇవి అందడం కష్టం. చిన్నపేగు ముక్కను నాళంగా వాడే పద్ధతి ఉంది. అయితే పేగు ఎక్కడున్నా పేగే: జిగురు వదులుతుంది, మూత్రంలోని ఆమ్లాన్నీ లవణాలనూ తిరిగి పీల్చుకుంటుంది. అందుకే, నాళం కిడ్నీ దాకా చేరనప్పుడు కిడ్నీనే మూత్రాశయం దగ్గరికి దించుతారు.

నిన్న మొన్న పుట్టిన ఆర్భాటమా ఇది? 1963లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయంలో జేమ్స్ హార్డీ, బృహద్ధమని ఆపరేషన్ వల్ల మూత్రనాళం పైభాగం దెబ్బతిన్న రోగికి ఇలాగే కిడ్నీ చోటు మార్చారు. మనిషికి తొలిసారి ఊపిరితిత్తి మార్చిందీ అదే ఏడాది, ఆయనే.

జరిగే పని తీరు చూస్తే "సులువు" కోరేవాళ్ల తొందర అర్థమవుతుంది, అది నిజంగానే ఓపిక పని. కిడ్నీని విడదీయగానే మంచు నింపిన గిన్నెలో పెట్టి, 4 డిగ్రీల చల్లటి ద్రావణాన్ని ధమనిలోంచి ఎక్కిస్తారు. సిరలోంచి కారేది తేటగా వచ్చేదాకా ఆపరు. ముదురెరుపు కాస్తా పాలిపోతుంది. ధమనిలో ఉబ్బు ఉన్నా, లోపల గడ్డ ఇరుక్కుని ఉన్నా, కళ్లకు భూతద్దాలు తగిలించుకుని ఆ మంచులోనే బాగుచేస్తారు. తర్వాత పొత్తికడుపులో తుంటి ఎముక లోపలి పల్లాన కూర్చోబెట్టి, కాలికి వెళ్లే పెద్ద రక్తనాళాలకు కలిపి కుడతారు. క్లిప్పులు వదిలాక కిడ్నీ గులాబీ రంగు తిరిగి బిగుస్తుంది. చాలాసార్లు మూత్రాశయానికి కుట్టకముందే నాళం చివర చుక్కలు కనబడతాయి.

జీవితాంతం మందులు మింగాలన్న భయమూ ఉత్తదే. తన అవయవమే గనుక ఒళ్లు తిప్పికొట్టదు, ఆ మందులే అక్కర్లేదు. 1994 నాటి మన అవయవ మార్పిడి చట్టం ఒకరిది మరొకరికి అమర్చడం గురించి. ఇక్కడ దాత లేడు, అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో వంతు కోసం ఎదురుచూపూ లేదు.

ఇంతమాత్రాన దీన్ని సంజీవిని చేసి చూపేవాళ్లనూ ఉపేక్షించలేం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోలా రెండు కిడ్నీలూ వడపోత శక్తి కోల్పోయినవాళ్లకు దీంతో ఒరిగేది సున్నా; పాడైన కిడ్నీ ఎక్కడ పెట్టినా పాడైనదే. నడుం పక్క విపరీతమైన నొప్పి, మూత్రంలో నెత్తురు, కారణం మాత్రం దొరకదు: అలాంటి కొందరికి కూడా చేస్తారు, నరాలు తెగి నొప్పి పోతుందని. కొన్నాళ్లకు తిరగబెట్టినవాళ్లూ ఉన్నారు. అన్నిటికన్నా పెద్ద ముప్పు, కుట్టిన రక్తనాళంలో నెత్తురు గడ్డకట్టడం. అలా జరిగితే కాపాడుకుందామనుకున్న కిడ్నీయే పోతుంది. మార్పిడి ఆపరేషన్లు నిత్యం చేసే బృందం లేనిచోట దీనికి పూనుకోకూడదు. గుండె బలహీనంగా ఉన్న పెద్దాయనకు, ఆ వైపు కిడ్నీ ఎప్పుడో ఎండిపోయినవాళ్లకు తీసేయడమే సరైన వైద్యం, అందులో వాదం లేదు.

ఎండిపోయిందో లేదో చెప్పడానికి రీనోగ్రామ్ అనే స్కాన్ ఉంది. మొత్తం పనిలో ఎడమది ఎంత శాతం, కుడిది ఎంత శాతం చేస్తోందో విడివిడిగా చూపుతుంది. మూత్రం నిలిచి ఉబ్బిన కిడ్నీ కొన్నిసార్లు తన సత్తా కన్నా తక్కువ చూపిస్తుంది కాబట్టి, ముందు వీపులోంచి చిన్న గొట్టం వేసి ఒత్తిడి దించి, కొన్ని వారాలాగి మళ్లీ చూడాలి. ఆ అంకె చేతికి రాకముందే "తీసేయండి" అని సంతకం పెట్టించుకుంటే మాత్రం, డాక్టరు గారినైనా సరే, ఎందుకని అడగాల్సిందే.