షికారుకు తాటిపూడి సరే, కాలవ సంగతేమిటి?

కార్తీక మాసం ఆదివారాల్లో తాటిపూడి జలాశయం గట్టు మీద కాలు పెట్టడానికి చోటుండదు. విశాఖ నుంచి కార్లు, విజయనగరం నుంచి ఆటోలు, ఎస్.కోట వైపు నుంచి మోటారు సైకిళ్లు. ఉసిరి చెట్టు ఉన్నా లేకపోయినా వనభోజనాలే. మన సంఘంలో కొందరికి ఇది చూస్తే చిరాకు. పట్నంవాళ్ల సరదాతో రైతుకేం పని అంటారు. నేను ఆ మాట ఒప్పుకోను. సంక్రాంతి వెళ్లగానే మన ఊళ్ల కుర్రాళ్లు పోయేది కూడా అక్కడికే. ఏడాది పొడుగునా బురదలో ఉండే మనిషికి ఒక పూట నీళ్ల ఒడ్డున కూర్చోవాలని ఉండదా?

అయితే ఆ నీళ్ల సంగతి కూడా మాట్లాడుకోవాలి. గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పైన బొర్రా, కింద భీమిలి బీచి, మధ్యలో తాటిపూడి. ఒక్క ఏరు మూడు చోట్ల జనానికి షికారు చూపిస్తోంది. కానీ 1963లో మొదలుపెట్టి 1968 నాటికి ఈ ఆనకట్ట కట్టింది షికారు కోసం కాదు. 15 వేల ఎకరాల పైచిలుకు ఆయకట్టు తడపడానికి, విశాఖ నగరానికి తాగునీళ్లు ఇవ్వడానికి కట్టారు. నిండితే మూడు టీఎంసీలకు కాస్త పైన. పొలానికైనా, పట్నానికైనా అందులోంచే రావాలి. వానలు తప్పిన ఏడు ముందు కోత ఎవరికి పడుతుందో శివారు రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆదివారం గట్టు మీద ఫోటో దిగిన విశాఖ మనిషి, సోమవారం ఇంట్లో కుళాయి తిప్పితే ఈ నీళ్లే రావచ్చు. ఆ సంగతి తెలిసి వచ్చేవాళ్లు ఎంతమంది? తెలిస్తే అందులోకి ప్లేటు విసిరే చెయ్యి కొంచెమైనా ఆగుతుందని నా నమ్మకం.

కార్తీకంలో మన వరి ఏ దశలో ఉంటుందో చూడండి. వెన్ను వేసి పాలు పోసుకునే రోజులు. అప్పుడు ఒక్క తడి అందకపోతే గింజ తాలు పోతుంది. పిక్నిక్కులు ముమ్మరంగా ఉండేదీ సరిగ్గా అప్పుడే. సీసాలు, థర్మాకోల్ ప్లేట్లు, పాలిథిన్ సంచులు కాలవలో పడి తూము దగ్గర అడ్డం పడతాయి. ఎగువ మడికి నీరు పొర్లిపోతుంటే దిగువ మడి నెర్రెలిస్తుంది. తర్వాత ఎగువ రైతు, దిగువ రైతు తిట్టుకుంటారు. సంచి పారేసినవాడు అప్పటికి ఇల్లు చేరి నిద్రపోతుంటాడు.

గాజు సంగతి వేరే చెప్పాలి. ప్లాస్టిక్ కంటికి కనపడుతుంది, చేత్తో తీసి పారేయొచ్చు. బురదలో దిగిన బీరు సీసా పెంకు కనపడదు. పోయిన ఖరీఫులో ఊడుపులకొచ్చిన ఒక ఆడకూలీకి అరికాలు తెగి పది రోజులు పనిలోకి రాలేదు. ఊడుపుల రోజుల్లో పది రోజుల కూలి అంటే ఆ ఇంటికి ఎంత నష్టమో లెక్కేసుకోండి. దుక్కిటెద్దుకైనా అంతే, గిట్టలో పెంకు దిగితే ఆ సీజను అయిపోయినట్టే.

పోనీ, వచ్చినవాళ్ల వల్ల ఊరికి నాలుగు డబ్బులు మిగులుతున్నాయా? బిర్యానీ పట్నంలో కట్టించుకుంటారు, నీళ్ల సీసాలు పట్నంలో కొంటారు, పెట్రోలు దారిలో పోయించుకుంటారు. మన దగ్గర దింపేది చెత్త. ఈ చుట్టుపక్కల జీడిపప్పు ఉంది, వేసవిలో మామిడి, ముంజెలు, చలికాలం తేగలు ఉన్నాయి. ఎండలో గంప ముందు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్లకు ఒక రేకుల షెడ్డు, మంచినీళ్లు, మరుగుదొడ్డి ఏర్పాటు చేస్తే పది కుటుంబాలు బతుకుతాయి. అలాంటి పనికి కోట్లు అక్కర్లేదు. అందుకే కాబోలు ఎవరికీ పట్టదు.

2024 చివర్లో వచ్చిన రాష్ట్ర పర్యాటక విధానంలో టూరిజానికి పరిశ్రమ హోదా ఇచ్చారు. ఇచ్చుకోనివ్వండి. రైతు అడిగేది హోదా కాదు, కాలవలో పూడిక తియ్యమని. పడవ షికారు, కాటేజీలు అంటూ ఎవరు ఏ పథకం తెచ్చినా ముందు ఒక మాట తేల్చాలి. పడవ తిరగాలంటే జలాశయం నిండుగా ఉండాలి. మడి తడవాలంటే మట్టం దిగాలి. నీళ్లు ఎప్పుడు వదలాలి, ఎంత వదలాలి అన్న చోట పడవకు ఓటు ఉండకూడదు. 1997 చట్టం కింద ఏర్పడిన సాగునీటి సంఘాలు ఉన్నాయి కదా, వాటిని పిలిచి కూర్చోబెట్టాకే టెండరు పిలవాలి. టిక్కెట్టు డబ్బుల్లో ఇంత వాటా కాలవ మరమ్మతుకు, ఇంత పంచాయతీకి అని ఆ టెండరు కాగితంలోనే రాయాలి. తర్వాత చూద్దాం అన్నది ఏదీ తర్వాత జరగలేదు.

ఇది తాటిపూడితో ఆగే వ్యవహారం కాదు. మాకు దగ్గర్లో చంపావతి మీద ఆండ్ర రిజర్వాయరు ఉంది. కొండల మధ్య అందంగానే ఉంటుంది. రేపో మాపో అక్కడికీ కార్లు బారులు కడతాయి. మెంటాడ వైపు సభ్యులు ఇప్పటి నుంచే గ్రామసభల్లో ఈ విషయం ఎత్తాలి. గంట్యాడ, జామి సభ్యులు కార్తీకానికి ముందే తీర్మానం రాయించి జలవనరుల శాఖకు ఇవ్వాలి. గట్టు మీదికి గాజు సీసా రానివ్వకూడదన్నది అందులో మొదటి వాక్యంగా ఉండాలి.