గడువు దాటిన బిడ్డ ఎవరూ లేరు

హైదరాబాదు వార్డుల తల్లిదండ్రులకు, బిషప్పులకు మనవి.

లోకం మోర్మన్లని పిలిచే మన కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో యౌవనానికి ఒక వరస స్థిరపడింది. పద్దెనిమిది నిండగానే మిషను అనే సువార్త సేవ, తిరిగి రాగానే దేవాలయంలో పెళ్ళి, వెంటనే పిల్లలు. యూటాలో రూపుకట్టిన ఈ వరసే, దేశంలో మొదటి స్టేకు (స్థానిక సంఘాలైన వార్డుల సముదాయం) 2012లో ఏర్పడిన మన హైదరాబాదులోనూ పిల్లల మెడకు చుట్టుకుంటోంది.

అక్కడికీ ఇక్కడికీ తేడా చూడండి. ప్రోవోలోని బ్రిగం యంగ్ విశ్వవిద్యాలయంలో చదువు మధ్యలో ఆపి సేవకు వెళ్ళినవాళ్ళకు తిరిగొచ్చి చేరే వీలుంది. ఇక్కడ ఇంటర్ అయ్యాక రెండేళ్ళు వెళ్ళొచ్చిన కుర్రాడు ప్రవేశ పరీక్షకు మళ్ళీ మొదటినుంచి చదవాలి. ఆ రెండేళ్ళు ఏం చేశావని ఉద్యోగమిచ్చేవాళ్ళు అడిగితే జవాబు చెప్పుకోవాలి. అమ్మాయి ఏడాదిన్నర సేవచేసి వస్తే చుట్టాలు సంబంధాల మాటే ఎత్తుతారు. మన విశ్వాసంలోనే వరుణ్ణి వెతుకుదామంటే ఉన్నవి కొద్ది కుటుంబాలు. ఇంత బరువు మోస్తున్న పిల్లలను ఆదివారం ఆదివారం "ఎప్పుడు వెళ్తున్నావు, ఎప్పుడు చేసుకుంటున్నావు" అని నిలదీయడం ప్రేమ అనిపించుకోదు.

మిషనుకు వెళ్ళే ఈ వయసులు సీనాయి కొండ మీద ఇచ్చినవి కావు. 2012 అక్టోబరులో అధ్యక్షుడు థామస్ మాన్సన్ అబ్బాయిలకు 19 నుంచి 18కి, అమ్మాయిలకు 21 నుంచి 19కి తగ్గించారు. 2025లో అమ్మాయిలకూ 18 చేశారు. అబ్బాయిలు 25 దాకా వెళ్ళవచ్చు. అంటే బీటెక్ ముగించుకుని వెళ్ళినా ఏ నియమమూ తప్పినట్టు కాదు. బిషప్పుగారూ, ఈ మాట వేదిక మీంచి గట్టిగా చెప్పండి.

పెళ్ళికానివాళ్ళను లోటున్నవాళ్ళుగా చూడడం మరీ అన్యాయం. సంఘంలోని పెద్దవాళ్ళలో సగానికి పైగా పెళ్ళికానివారు, విడాకులైనవారు, భర్తనో భార్యనో పోగొట్టుకున్నవారేనని 2021 ఏప్రిల్ సర్వసభ్య సమావేశంలో అపొస్తలుడు రస్సెల్ బాలర్డ్ స్వయంగా చెప్పారు. అలాంటప్పుడు వాళ్ళకు బోధన, నాయకత్వం అప్పగించడానికి మనకు సంకోచమెందుకు? వాళ్ళ కూడికలను పెళ్ళిచూపులుగా మార్చకండి.

మిషను మధ్యలో తిరిగొచ్చిన బిడ్డను కారణం అడగకండి. జబ్బు కావచ్చు, మనోవేదన కావచ్చు. తానుగా చెబితే వినండి. వచ్చిన మొదటి ఆదివారమే ఏదో ఒక పిలుపు, అంటే వార్డులో ఒక బాధ్యత, ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకోండి.

వచ్చే వార్డు సభలో ఈ విషయాన్ని చర్చకు పెట్టండి. ఆ రోజు యువతీయువకులను పిలిచి, పెద్దలు నోరు విప్పకముందే వాళ్ళను మాట్లాడనివ్వండి.