సేవ పేరిట దాచిన దుఃఖం

2020 మార్చి 22 సాయంత్రం ఐదు గంటలకు దేశమంతా గుమ్మాల్లోకి వచ్చి చప్పట్లు కొట్టింది, పళ్లాలు మోగించింది. మే 3న ఆసుపత్రుల మీద హెలికాప్టర్లు పూలు చల్లాయి. ఈ రెండు తేదీల మధ్యనే, ఏప్రిల్ 22న, వైద్య సిబ్బంది మీద దాడులు చేసేవారిని శిక్షించడానికి కేంద్రం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. చప్పట్లు కొట్టిన వీధుల్లోనే నర్సులను అద్దె ఇళ్లు ఖాళీ చేయమన్నారు. దేవతలని పొగిడిన నోళ్లే దూరంగా పొమ్మన్నాయి. దేవతలకైతే జీతం, సెలవు, నిద్ర అక్కర్లేదు. ఆసుపత్రిలో పనిచేసే ఆడవాళ్లు దేవతలు కారు, కార్మికులు. ఆ కాలం వాళ్ల మనసుల మీద మోపిన భారాన్ని హక్కుల ప్రశ్నగా చర్చించాలనే ఈ సంపాదకీయం.

ప్రపంచంలో ఆరోగ్యరంగంలో పనిచేసేవారిలో దాదాపు 70 శాతం స్త్రీలే. పైమెట్ల మీద మాత్రం వాళ్లు తక్కువ. మన గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో ఈ మెట్లకు కులం కూడా ఉంది. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషన్ డాక్టరు అన్నా కుగ్లర్ 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచారు. రక్తం, మలం, శవం ముట్టుకునే పని 'మంచి ఇళ్ల' ఆడవాళ్లది కాదనుకున్న ఆ రోజుల్లో మిషన్ ఆసుపత్రులే ఎందరో దళిత క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలకు చదువుకు, ఉద్యోగానికి దారి అయ్యాయి. ఆ పనికి గౌరవం ఇవ్వలేని సమాజం 'సేవ' అనే పేరు ఇచ్చింది. సేవకు గంటల లెక్క ఉండదు, కూలి బేరం ఉండదు. ఆ పేరు ఇప్పటికీ వదల్లేదు.

కోవిడ్ వార్డులో ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. బంధువులను లోపలికి రానివ్వలేదు. దాంతో రోగి తాలూకు మనుషులు చేసే పనంతా నర్సు మీద, ఆయా మీద పడింది. నోట్లో నీళ్లు పోసింది వాళ్లే. ఫోను పట్టుకుని కూతురి మొహం చూపించింది వాళ్లే. ప్రాణం పోయాక మూట కట్టిందీ, బయట కాచుకున్నవాళ్లకు ఆ మాట చెప్పిందీ వాళ్లే. మన ఎండాకాలంలో రక్షణ దుస్తులు తొడుక్కుంటే గంటల తరబడి మంచినీళ్లు లేవు, మూత్రానికి వెళ్లే వీల్లేదు. నెలసరి వచ్చినా అంతే. డ్యూటీ దిగాక పాలు తాగే బిడ్డను ఎత్తుకోవాలంటే భయం. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్‌కు కటకట వచ్చినప్పుడు, పడక లేదని గుమ్మంలోనే చెప్పి పంపవలసిన క్రూరమైన పని కూడా చాలాచోట్ల వాళ్లకే అప్పగించారు. ప్రభుత్వం, యాజమాన్యాలు చేసిన తప్పులకు జనం కోపం మోసింది కౌంటరు దగ్గర నిలబడ్డ ఆడమనిషి.

అమెరికన్ సమాజశాస్త్రవేత్త ఆర్లీ హోష్‌చైల్డ్ 1983లో విమాన పరిచారికల పనిని పరిశీలించి ఒక మాట చెప్పింది. లోపల ఎలా ఉన్నా బయటికి నిబ్బరంగా, ఆప్యాయంగా కనబడటం కూడా శ్రమే. యజమాని దాన్ని కొనుక్కుంటాడు. నర్సు విషయంలో కొనుక్కోవడం కూడా లేదు. ఓర్పు ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చిన గుణమని చెప్పి ఊరికే తీసుకుంటారు.

ఇది కోవిడ్‌తో మొదలైన సంగతి కాదు. పత్తి, మిరప పండే ఈ నేలలో ఆసుపత్రి రాత్రులెలా ఉంటాయో తెలిసినవాళ్లకు తెలుసు. 1987-88లో తెల్లదోమ పత్తిని మింగేసి గుంటూరు, ప్రకాశం రైతులు ప్రాణాలు తీసుకున్న నాటి నుంచి 'పురుగుమందు కేసు' అన్నది మన ఆసుపత్రుల్లో రోజూ వినబడే మాట. ఆ కడుపు కడిగేది, భార్య ఏడుపు వినేది, తెల్లారి మరో కేసుకు మంచం సర్దేది ఎవరు? ఈ చావులన్నీ చూసిన మనిషికి నిద్ర పడుతోందా అని అడిగినవాళ్లు లేరు. మహమ్మారి పాత గాయాన్ని పెద్దది చేసింది.

ఆసుపత్రి గోడల బయట ఆశా కార్యకర్తలున్నారు. 2020 ఏప్రిల్‌లో కర్నూలు తర్వాత రాష్ట్రంలో ఎక్కువ కేసులు గుంటూరు జిల్లాలోనే వచ్చాయి. ఆశాలు, ఏఎన్ఎంలు ఇల్లిల్లూ తిరిగి జ్వరాల లెక్క రాశారు. కేంద్రం ఆశాలకు ఇచ్చిన అదనపు ప్రోత్సాహకం నెలకు వెయ్యి రూపాయలు. 2021 జనవరిలో గుంటూరు జిల్లా ఆశా కార్యకర్త ఒకరు టీకా వేయించుకున్న కొద్ది రోజులకు చనిపోయారు. కారణం తేల్చవలసింది వైద్యులు. కానీ తోటి మనిషిని పోగొట్టుకున్నవాళ్లే ఊరివాళ్లకు ధైర్యం చెప్పి టీకాకు తీసుకురావాలి. ఆ ధైర్యం వాళ్లకు ఎవరు చెప్పారు?

కారంచేడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు 2021లో విధుల్లో జబ్బుపడి ఊపిరితిత్తులు పాడైతే ఊరివాళ్లు లక్షల్లో చందాలు పోగుచేశారు. చికిత్సకయ్యే ఖర్చు ప్రభుత్వం భరించింది. మంచిదే. జరగవలసిందే. అయితే 1985 జూలై 17న దళితుల మీద హత్యాకాండ జరిగిన ఊరిగా కూడా కారంచేడు మనకు గుర్తు. అందుకే ఒక ప్రశ్న వేయక తప్పదు. అదే జబ్బు ఆసుపత్రి ఊడ్చే మనిషికి వస్తే ఏ ఊరు చందా వేస్తుంది? 2020 సెప్టెంబరులో కేంద్రం పార్లమెంటులో, చనిపోయిన వైద్య సిబ్బంది లెక్క తమ దగ్గర లేదంది. డాక్టర్ల జాబితాను వాళ్ల సంఘం ప్రకటించింది. ఆయాల, స్వీపర్ల జాబితా ప్రకటించేదెవరు? ఏజెన్సీ రిజిస్టరులో పేరు కొట్టేస్తే అంతటితో సరి.

నోరు తెరిచినవాళ్ల గతీ చూశాం. మాస్కులు లేవన్న నర్సీపట్నం డాక్టరు సుధాకర్‌ను 2020 ఏప్రిల్‌లో సస్పెండ్ చేశారు. మే నెలలో విశాఖ నడిరోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు కట్టేశారు. 2021 మేలో ఆయన మరణించారు. పెద్ద చదువు, పర్మనెంటు ఉద్యోగం ఉన్న దళిత డాక్టరుకే ఇలా జరిగితే కాంట్రాక్టు ఆయా ఏం మాట్లాడుతుంది? చెప్పుకోలేని భయం కూడా మానసిక గాయమే.

2022 అక్టోబరు 10న కేంద్రం 14416 నంబరుతో టెలి మానస్ సహాయవాణి మొదలుపెట్టింది. న్యూయార్క్ డాక్టరు లోర్నా బ్రీన్ 2020 ఏప్రిల్‌లో ఆత్మహత్య చేసుకున్నాక, వైద్య సిబ్బంది మానసిక ఆరోగ్యం కోసం అమెరికా 2022 మార్చిలో ఆమె పేరిట చట్టం చేసింది. ఇవి అవసరమే. కానీ వరసగా రాత్రి డ్యూటీలు చేసే మనిషికి ఫోను చేసే తీరిక ఏది? జీతం నెలల తరబడి రాకపోతే కౌన్సెలింగ్ ఏం చేస్తుంది? పని పెట్టిన బాధను ఆమె బలహీనతగా చూపించి, మనసు గట్టిచేసుకోమని శిక్షణ ఇవ్వడం మోసం.

కాబట్టి మనం అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం. మహమ్మారిలో చనిపోయిన, జబ్బుపడిన సిబ్బంది లెక్క కాంట్రాక్టు, ఏజెన్సీ కార్మికులతో సహా ఆసుపత్రులవారీగా ప్రకటించాలి. 50 లక్షల బీమా ప్రాణం పోతేనే వచ్చింది. ఆరోగ్యం పోయి బతికినవాళ్లకూ పరిహారం ఉండాలి. సుప్రీంకోర్టు ఆదేశం మీద 2016లో వేసిన కమిటీ, ఎంత చిన్న ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సుకు నెలకు 20 వేలకు తగ్గకూడదంది. మన జిల్లాల్లో అది ఎక్కడ అమలవుతోందో తనిఖీ చేయాలి. వార్డుకు తగినంత సిబ్బంది, ఆడవాళ్లకు విశ్రాంతి గది, మరుగుదొడ్డి, రాత్రి భద్రత ఉండాలి. 2024 ఆగస్టులో కలకత్తా ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరుపై జరిగిన అత్యాచారం, హత్య తర్వాత కూడా వీటిని సౌకర్యాలు అనడం సిగ్గుచేటు. 2013 చట్టం ప్రకారం ఫిర్యాదుల కమిటీలు కాగితం మీద కాక పనిలో ఉండాలి. ఆశాలను కార్మికులుగా గుర్తించాలి.

మన సంఘాలకూ పని ఉంది. బీడీ కార్మికుల దగ్గరికి, కూలి తల్లుల దగ్గరికి వెళ్లినట్టు ఆసుపత్రి ఆడవాళ్ల దగ్గరికి మనం వెళ్లలేదు. జబ్బు చేసినప్పుడే వాళ్లను చూశాం. వాళ్ల మాటలు వాళ్ల నోటనే వినాలి, పేర్లు బయటపడకుండా రాసిపెట్టాలి, వాళ్ల యూనియన్ల పక్కన నిలబడాలి. మరో మహమ్మారి ఎప్పుడొస్తుందో తెలియదు. అది వచ్చేలోగా ఈ లెక్క తేల్చకపోతే, మళ్లీ అదే ఆడవాళ్లను అవే వార్డుల్లోకి ఒట్టి చేతులతో పంపుతాం. మళ్లీ చప్పట్లే కొడతాం.