పెద్దోడి గిటార్ గొడవ

మా పెద్దోడు ఎలక్ట్రిక్ గిటార్ కావాలంటున్నాడు. రాక్ బ్యాండ్‌లో లీడ్ గిటారిస్టు అవుతాడంట! "శెనక్కాయల డబ్బులు దానికేనా?" అని మా ఆయన. జుట్టు పెంచుకుని చెడిపోతాడని అత్తమ్మ.

నాకేమో మాండలిన్ శ్రీనివాస్ గారు గుర్తొచ్చారు. 1969లో పాలకొల్లులో పుట్టారు. ఆరేళ్లప్పుడు వాళ్ల నాన్న మాండలిన్ పట్టుకుంటే, ఆ తండ్రి లాక్కోలేదు, కొత్తది కొనిచ్చారు. గురువు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు దాన్ని తీగల మీద పలికించేవాడు. నాకు ఈ ముచ్చటే అన్నిటికన్నా ఇష్టం. పరాయి వాద్యం మీద మన కర్ణాటక సంగీతమేంటని అన్నవాళ్లూ ఉన్నారు. ఆయన జంట తీగలు తీసేసి, ఐదు ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండలిన్ వాయించారు. 1983లో, పద్నాలుగేళ్లకే, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కచేరీ చేశారు. తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో 'రిమెంబర్ శక్తి' బృందంలో దేశాలు తిరిగారు. 1998లో పద్మశ్రీ. 2014లో, 45 ఏళ్లకే పోయారు.

మావోడు అంతవాడవుతాడని కాదు. కోచింగ్ ఫీజు కట్టేటప్పుడు ఇంట్లో ఎవరూ నోరెత్తరు, ఆరు తీగలకు మాత్రం పంచాయితీనా? అయినా అదే మా పాప అడిగుంటే ఈ పంచాయితీ కూడా జరిగేది కాదు, ఒక్కమాటతో నోరు మూయించేవాళ్లం. నేనూ అందులో ఉండేదాన్నే.

మూడు నెలలు స్నేహితుడి గిటార్ మీద నేర్చుకో, మానకుండా వాయిస్తే నా చీటీ డబ్బులతో కొనిస్తానన్నా. ఆదివారం ఆదివారం హిందూపురం బస్సెక్కుతున్నాడు. నిన్న వేళ్ల కొసలు చూపించాడు, ఎర్రగా కందిపోయినాయి. పాప కొబ్బరినూనె రాస్తూ, "నాకూ నేర్పిస్తావా అన్నా?" అంటోంది.