కాదను మాటయైనను కాలములో చెప్పవలెను

సంపాదకులవారికి,

అయ్యా,

తాకట్టులోనున్న యిల్లు అమ్మజూపి, బ్యాంకు జవాబుకొరకు నెలల తరబడి కాచుకొనియున్న కుటుంబముల యిబ్బందిని మీ పత్రికద్వారా అధికారుల దృష్టికి తేగోరుచున్నాను.

యానాంలో తాతలనాటి యిల్లు అమ్ముకొనుట ఎవరికిని సరదా కాదు. 2012 జనవరి అల్లర్లతో టైల్సు కర్మాగారము మూతపడినపుడు ఎన్నో యిండ్లకు నెలజీతము ఒక్కమారుగా నిలిచినది. 2022 జూలైలో గోదావరి వరద వీధులను ముంచినది. ఇట్టి దెబ్బలు తిన్నవారు వాయిదాలు కట్టలేక, ఇల్లమ్మియైనను పరువుగా అప్పు తీర్చవలెనని చూతురు. కాని వచ్చిన ధర బకాయికి చాలనపుడు ఇంటివారి సంతకమొక్కటే సరిపోదు. ఆ సొమ్ము పుచ్చుకొని తాకట్టు విడుచుటకు బ్యాంకు ఒప్పుకొనవలెను. దీనినే ఇచ్చట రాజీ పరిష్కారమనియు, అమెరికాలో షార్టు సేల్ అనియు అందురు.

చిక్కంతయు ఆ ఒప్పుదల కొరకు వేచియుండుటలోనే ఉన్నది. మా బంధువుల యింట జరిగినది చెప్పుదును. కొనువాడు బయానా యిచ్చెను. అర్జీ బ్యాంకులో దాఖలయ్యెను. శాఖలో అడిగిన 'పైకి పంపితిమి' అనిరి. పైవారిని అడిగిన 'పరిశీలనలో ఉన్నది' అనిరి. ఇంతలో శూన్యమాసము వచ్చెను. కొనువాడు విసిగి బయానా వెనుకకు తీసికొని, వేరొక యిల్లు చూచుకొనెను. కరవమంటే కప్పకు కోపము, విడువమంటే పాముకు కోపమన్నట్లు, అమ్మువాడు అటు కొనువానికిని ఇటు బ్యాంకునకును నచ్చజెప్పలేక నలిగిపోయెను.

ఈ ఆలస్యమువలన బ్యాంకునకైనను లాభమున్నదా? లెక్క చూడుడు. బకాయి 20 లక్షలు, వచ్చిన ధర 16 లక్షలు అనుకొందము. నూటికి ఏడాదికి 10 వంతున వడ్డీయైనను నెలకు 16 వేల పైచిలుకు పెరుగును. ఆరు నెలలు ఊరకున్నచో నాలుగు లక్షల లోటు అయిదు లక్షలగును. ఇల్లు మాత్రము గోదావరి గాలికి సున్నము రాలి, ధర దిగజారుచుండును.

మన చట్టమునకు గడువులు పెట్టుట తెలియనిది కాదు. 2002 నాటి సర్ఫేసీ చట్టము ప్రకారము నోటీసు తేదీనుండి 60 దినములలో ఋణగ్రస్తుడు సొమ్ము చెల్లింపవలెను. అతడు ఆ నోటీసుపై అభ్యంతరము తెలిపినచో 15 దినములలో బ్యాంకు జవాబీయవలెను. అప్పు తీరిన 30 దినములలో దస్తావేజులు తిరిగి ఈయవలెననియు, తమ తప్పువలన ఆలస్యమైనచో దినమునకు రూ. 5,000 చొప్పున చెల్లింపవలెననియు రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో బ్యాంకులను ఆదేశించినది. కాని అమ్మకము ప్రతిపాదనకు ఇన్నాళ్లలో జవాబు చెప్పవలెనను నియమము ఆ చట్టములో లేదు.

బ్యాంకువారి పక్షమునను న్యాయము లేకపోలేదు. అది ప్రజల డిపాజిట్ల సొమ్ము. తక్కువకు ఒప్పుకొన్న అధికారి రేపు సంజాయిషీ చెప్పుకొనవలసి రావచ్చును. అప్పు మంజూరు చేసినవారికంటె ఒక మెట్టయినను పైనున్నవారే రాజీని ఆమోదింపవలెనని 2023 జూనులో రిజర్వు బ్యాంకు నిర్దేశించుటయు మంచిదే. రాజీని హక్కుగా కోరరాదని సుప్రీంకోర్టు 2021లో చెప్పినది, దానిని శిరసావహింతుము. ఫ్రెంచివారినాటి పాత కాగితములు పరిశీలించుటకు వ్యవధి కావలెనందురా, ఆ కాగితములు చూచియే గదా అప్పిచ్చినది!

మేము కోరునది ఔనను మాట కాదు, జవాబు. కాదన్నను కాలములో అన్నచో అమ్మువాడు మరియొక దారి చూచుకొనును. కొనువాడు తన సొమ్ముతో వేరుచోటికి పోవును. అమెరికాలో ఇండ్ల ధరలు కూలిన తరువాత, మన తెలుగువారును పెక్కుమంది స్థిరపడిన ఆ దేశమున, ఫెనీ మే, ఫ్రెడ్డీ మాక్ సంస్థల ఋణముల విషయమై 2012లో ఒక నియమము చేసిరి. పూర్తి కాగితములతో ప్రతిపాదన అందిన 30 దినములలో జవాబీయవలెను; అంతకు మించినచో వారమునకొకసారి సంగతి తెలుపవలెను; ఎట్లైనను 60 దినములలో తేల్చవలెను.

ఇట్టి నియమమే మనకును కావలెను. అర్జీ అందిన నాడే తేదీ వేసి రశీదీయవలెను. ఏ కాగితము తక్కువైనదో ఒక్కమారే చెప్పవలెను. గడువు దాటిన నాటినుండి ఆ బకాయిపై వడ్డీ నిలుపవలెను. పుదుచ్చేరి మనకు ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన దూరము. ప్రతి చిన్న పనికిని దూరపు కార్యాలయములవైపు చూచుట యానాం వాసులకు అలవాటే. కనుక ఏ బల్లమీద కాగితమున్నదో శాఖలోనే తెలియు ఏర్పాటుండవలెను.

అప్పుపడినవాడు ఎగవేయదలచిన చాటుకు పోవును గాని, కొనువానిని వెంటబెట్టుకొని బ్యాంకు గుమ్మమెక్కడు. అట్లు ఎక్కినవానికి వేళకు ఒక మాట చెప్పి పంపుట మర్యాద మాత్రమే కాదు, బ్యాంకునకు లాభము కూడను. రిజర్వు బ్యాంకువారును, మన ప్రజాప్రతినిధులును ఈ విషయమున శ్రద్ధ వహింతురుగాక.

ఇట్లు,
ఒక గృహస్థు
యానాం