మూఢుడెవరు? — మాటలు చెప్పే సాక్ష్యం

ఒక జాతి దేనిని గౌరవిస్తుందో తెలుసుకోవాలంటే ఆ జాతి కావ్యాలను చదవాలి. దేనిని చులకన చేస్తుందో తెలుసుకోవాలంటే మాత్రం ఆ భాషలోని తిట్లను పరిశీలించడమే దగ్గరి దారి. తిట్లలోనూ మూఢుణ్ణి సూచించే మాటలకు ఒక ప్రత్యేకత ఉన్నది. దొంగ, అబద్ధాలకోరు అనే మాటలు మనిషి చేసిన పనిని పట్టి పుడతాయి. మూఢుడు అనే మాట అట్లా కాదు. ఎదుటివాడు తనవలె లేడని తలచినవాడి నోట అది పుడుతుంది. ఈ సంగతిని ఇంగ్లీషు, ఐస్‌లాండిక్ భాషలను పక్కపక్కన పెట్టి చూస్తే స్పష్టంగా గ్రహించవచ్చు.

ఈ రెండు భాషలే ఎందుకని విద్యార్థులు అడగవచ్చు. ఇంగ్లీషు మనం నిత్యం చదువుతున్న భాష. ఐస్‌లాండిక్ దానికి దూరపు బంధువు. రెండూ జర్మానిక్ శాఖకు చెందినవే. తొమ్మిదవ శతాబ్దిలో నార్వే నుండి వెళ్ళి ఆ ద్వీపంలో స్థిరపడినవారి భాష అది. నేటికీ ఆ దేశ జనాభా నాలుగు లక్షలకు లోపే. కాని పాత రూపాలను ఆ భాష ఎంతో భద్రంగా నిలుపుకున్నది. ఇంగ్లీషులో అర్థం మారిపోయిన మాటకు తొలినాటి ముఖం ఎట్లా ఉండేదో అక్కడ తరచుగా కనిపిస్తుంది.

ఉదాహరణకు "సిల్లీ" అనే మాటను చూడండి. నేడు దీని అర్థం తెలివితక్కువ అని. ప్రాచీనాంగ్లంలో దీని మూలరూపానికి ధన్యుడు, సుఖి అని అర్థం. క్రమంగా అది నిష్కపటికి, తరువాత జాలిపడదగిన దుర్బలునికి, చివరకు పదునారవ శతాబ్దినాటికి తెలివిలేనివానికి పేరైంది. ఇదే ధాతువునుండి పుట్టిన ఐస్‌లాండిక్ మాట మాత్రం చెక్కుచెదరలేదు. అక్కడ ఇద్దరు ఎదురుపడితే పురుషుణ్ణి "సైట్ల్" అని, స్త్రీని "సైల్" అని పలకరిస్తారు. సుఖంగా ఉండుమని దాని భావం. ఒకే తల్లి బిడ్డలైన రెండు మాటలలో ఒకటి దీవెనగా మిగిలింది, మరొకటి తిట్టుగా మారింది! మనకు ఇది కొత్త కాదు. మాయ ఎరుగనివాడు అమాయకుడు. అది నిజానికి ఒక గొప్ప ప్రశంస. అయినా నేడు ఎవరినైనా "వట్టి అమాయకుడు" అంటే ఆ మాటలో గౌరవం ఎంత? మంచివారు మారలేదు. వారిని చూచే లోకపు చూపే మారింది.

ఇక "ఇడియట్" అనే మాట సంగతి. దీని మూలం గ్రీకు భాషలో ఉన్నది. ప్రజావ్యవహారాలలో పాలుపంచుకోక తన సొంత పని చూచుకొనే సామాన్యుడని అక్కడ అర్థం. ఐస్‌లాండిక్‌లో మూఢునికి "హేమ్‌స్కుర్" అంటారు. ఇల్లు అనే మాటనుండి పుట్టిన పదమిది. ఇంటిని విడిచి లోకం చూడనివాడని దాని తాత్పర్యం. ఇంటిపట్టున పెరిగిన బిడ్డకు తెలివి వికసించదని వారికి ఒక సామెత కూడ ఉన్నది. బావిలో కప్ప అని మనం అనడం లేదా? ఎంతో దూరాన ఉన్న రెండు జాతులు ఒకే మాట చెబుతున్నాయి. వారి దృష్టిలో మూఢత్వం పుట్టుకతో వచ్చినది కాదు, లోకం చూడకపోవడం వల్ల కలిగినది. అయితే తలుపు మూసినది ఎవరు? ఉన్నత పాఠశాలతోనే చదువు మాన్పించి ఇంట కూర్చోబెట్టిన ఆడపిల్లను "దానికేం తెలుసు" అని ఈసడించేవారు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పవలసి ఉన్నది.

మరొక మాట "ఓఫ్". మొద్దువంటి మనిషి అని నేటి అర్థం. ఇది స్కాండినేవియా నుండి ఇంగ్లీషులోకి వచ్చినది. మూలార్థం యక్షజాతివంటి అదృశ్యప్రాణి అని. ఎదుగుదల లేని బిడ్డను ఆ ప్రాణులు మార్చి వదలిపోయాయని వెనుకటివారు నమ్మేవారు. అదే మాట ఐస్‌లాండిక్‌లో "ఔల్వుర్". ఏమీ పాలుపోక దిక్కులు చూచేవాణ్ణి అక్కడ "గుట్టలోనుండి బయటికి వచ్చిన ఔల్వుర్‌లాగా ఉన్నాడు" అంటారు. ఈ పోలికలో ఒక సత్యం ఉన్నది. అతడు తెలివిలేనివాడు కాడు, వేరొక లోకంనుండి వచ్చినవాడు. ఉర్దూ మాధ్యమంలోనో తెలుగు మాధ్యమంలోనో పదవ తరగతి వరకు చదివి, ఇంటర్మీడియట్ మొదటిరోజున ఇంగ్లీషు పాఠం వింటున్న విద్యార్థి ముఖాన్ని మన అధ్యాపకులు ఒక్కసారి పరిశీలించండి. ఆ గుట్టలోనుండి వచ్చినవాడు అతడే!

ఇట్టి మాటలు నోటినుండి చట్టంలోకి ఎక్కిన చరిత్ర ఇంకా బాధాకరమైనది. ఇంగ్లండులో 1886లో "ఇడియట్స్ చట్టం" అనే పేరుతోనే ఒక చట్టం వచ్చింది. 1913 నాటి చట్టం ఇడియట్లు, ఇంబెసైళ్ళు అంటూ మనుషులను తరగతులుగా విభజించింది. "మోరాన్" అనే మాటనైతే 1910లో హెన్రీ గొడ్డార్డ్ అనే అమెరికన్ మనస్తత్వశాస్త్రవేత్త శాస్త్రీయ పదంగానే కల్పించాడు. నేడు అది వీధి తిట్టు. ఐస్‌లాండు 1936లో చేసిన చట్టంలో అల్పబుద్ధి అనే అర్థమిచ్చే "ఫౌవితి" అనే మాటను వాడి, 1979 చట్టంలో దానిని విడిచిపెట్టింది. మన దేశంలోనూ 1912 నాటి చట్టంలో "ఇడియట్" అనే మాట ఉండేది. 1987 నాటి కొత్త చట్టం 1993లో అమలులోకి వచ్చేవరకు ఆ పాత చట్టమే కొనసాగింది. పేరు పెట్టడం ఒక క్షణం పని. దానిని చెరిపివేయడానికి తరాలు పట్టింది.

అట్లయితే తప్పును తప్పని అనవద్దా, గురువు మందలించవద్దా అని అడగవచ్చు. మందలించవలసిందే. కాని దేనిని? దీనికి ఐస్‌లాండిక్ వ్యాకరణమే ఒక దారి చూపుతున్నది. ఆ భాషలో "అస్నీ" అంటే గాడిద, "క్యౌని" అంటే తెలియనివాడు. వీటికి "స్కాపుర్" అనే ప్రత్యయం చేరిస్తే "అస్నస్కాపుర్", "క్యౌనస్కాపుర్" అవుతాయి. అప్పుడవి మనిషికి పేర్లు కావు, నడవడికి పేర్లు. ఇంగ్లీషులో "ఫ్రెండ్‌షిప్" వంటి మాటల చివర ఉన్న "షిప్" దీనికి తోబుట్టువే. మన తెలుగులోని "తనం", ఉర్దూలోని "పన్" చేసే పనీ ఇదే. వెఱ్ఱివాడు వేరు, వెఱ్ఱితనం వేరు. పాగల్ వేరు, పాగల్‌పన్ వేరు. వెఱ్ఱితనాన్ని సాయంత్రానికి మానుకోవచ్చు. వెఱ్ఱివాడనే పేరు నెత్తిన పడితే దానిని దించుకోవడం ఎవరి తరం?

నా అభిప్రాయం ఇంతే. తరగతి గదిలో "ఇది తెలివితక్కువ పని" అనండి. "నీవు తెలివితక్కువవాడివి" అనకండి. ఉచ్చారణ తప్పిన తోటి విద్యార్థిని చూచి నవ్వేవారు, ఆ నవ్వుతో అతని నోరు జీవితాంతం మూతపడవచ్చునని గుర్తుంచుకోండి. కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మొదటి సంవత్సరం విద్యార్థులకు తొలి మూడు మాసాలు ఆంగ్ల పాఠాలను తెలుగులోను ఉర్దూలోను విడమరచి చెప్పే అదనపు తరగతిని ఏర్పాటు చేయించండి. ఒక గది, రోజుకొక గంట, ఇద్దరు ఉపాధ్యాయులు చాలు. మూఢులనిపించుకొన్నవారిలో ఎందరు కేవలం కొత్తవారో అప్పుడు మనకే తెలుస్తుంది.