బిళ్లల కింద ఏముందో చూద్దాం



హాస్టల్‌కు ఏదైనా చేయాలనుకునే పూర్వ విద్యార్థుల నోట తరచూ వినిపించే మాట, గేటు నుండి మెస్ దాకా సిమెంటు బిళ్లలు పరిపిద్దామని. వానాకాలంలో కంచం పట్టుకొని బురదలో నడిచినవాళ్లం కనుక ఆ కోరిక న్యాయమైనదే. కానీ బిళ్లల రంగు గురించి మాట్లాడుకున్నంతగా వాటి కింద ఉండే మట్టి గురించి మాట్లాడుకోవడం లేదు. ముందు జరగాల్సింది ఆ చర్చే అని నా అభిప్రాయం.

గేటు దారి మన నడకకు మాత్రమే కాదు. బియ్యం లారీ, గ్యాస్ బండి వచ్చేదీ దానిమీదే. బిళ్ల ఆ బరువును కిందికి పంపుతుంది, మోసేది నేల. నేల మెత్తగా ఉంటే చక్రం వెళ్లినచోట బిళ్లలు కుంగుతాయి, గుంటలో నీళ్లు నిలుస్తాయి, ఆ నీళ్లతో నేల ఇంకా మెత్తబడుతుంది. నల్లరేగడి అయితే మరీ కష్టం. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది.

అందుకే ముందుగా పైమట్టి, వేర్లు, చెత్త తీసేయాలి. రేగడి ఉంటే తగినంత లోతు తవ్వి మొరం నింపాలి. ఆపైన కంకర వేయాలి. ఏదీ ఒకేసారి కుమ్మరించరాదు. 15 సెంటీమీటర్లు మించని పొరలుగా పరిచి, తడిపి, ఒక్కో పొరను రోలరుతో తొక్కించాలి. తడికీ ఒక లెక్కుంది. ప్రతి మట్టీ బాగా గట్టిపడే తడి ఒకటుంటుందని, అంతకు తగ్గినా పెరిగినా అంత గట్టిపడదని 1933లో అమెరికా ఇంజనీరు ప్రాక్టర్ చూపించాడు. పిడికిట్లో పిసికితే మట్టి ముద్ద కట్టాలి, చేతికి నీరు కారకూడదు. మట్టిపనికి వెళ్లే మన అమ్మానాన్నలకు ప్రాక్టర్ పేరు తెలియకపోయినా ఈ సంగతి తెలుసు. ఎందరి ఇళ్ల పునాదుల్లోనో మట్టి పోసి, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టింది వాళ్లే. పని మొదలుపెట్టేనాడు వాళ్లనూ పిలిచి అడగాలి.

బిళ్లల కింద ఇసుక 2 నుండి 4 సెంటీమీటర్లు చాలు. గుంటలను ఇసుకతో పూడ్చి సమం చేయడం మోసం. నీళ్లు పోయే వాలు, బిళ్లలు జరగకుండా పక్కన అంచురాళ్లు తప్పనిసరి.

అడుగున పోసే డబ్బుతో ఇంకొంత దూరం వేయవచ్చు కదా అని కొందరు అంటారు. సొంత ఇంటివారు కుంగితే మళ్లీ వేయించుకుంటారు. మనకు ఒకసారి డబ్బు సమకూరితే మళ్లీ ఎన్నేళ్లకో! సగం దూరమే వేసినా గట్టిగా వేద్దాం. మిగతాది తర్వాత చూసుకోవచ్చు.

కప్పేశాక అడుగు ఎవరికీ కనబడదు. కనుక బిళ్లలు పరిచేముందే బరువున్న లారీని మెల్లగా నడిపించి, కుంగినచోట తవ్వి మళ్లీ తొక్కించాలి. ప్రతి పొరకూ టేపు పెట్టి ఫొటో తీయాలి. ప్రభుత్వ నిధులతో జరిగే పనైతే, దాన్ని తనిఖీ చేసే, సామాగ్రి నమూనాలు తీసుకునే హక్కు 2005 సమాచార హక్కు చట్టం మనకిచ్చింది. వాడుకుందాం.

దారి పూర్తయ్యాక మన సంచికలో రంగు బిళ్లల ఫొటో ఒక్కటే వేయకండి. దాని పక్కన ఆ అడుగు పొరల ఫొటోలు కూడా అచ్చువేయాలని సంపాదకులను కోరుతున్నాను.